వంటామె కూతురి పేరుతో

నా చిన్నప్పుడు, పదకొండో ఏట, పైనుంచి తనిఖీకి వచ్చిన ఒక పెద్ద ఆఫీసరుని నిలువునా మోసం చేశాను. రేపల్లె బజారులో గాజుల కొట్టు పెట్టిన మా తాతకి గానీ, ఆయన తర్వాత అదే గద్దె మీద కూర్చున్న మా నాన్నకి గానీ అంత మంచి బేరం జన్మలో తగల్లేదు. నాది కాని బడి, నాది కాని పేరు, నాది కాని అమ్మ, ఈ మూడూ పెట్టుబడిగా పెట్టి రెండు ఉడికించిన కోడిగుడ్లూ, రోజంతా బడిగంట కొట్టే హక్కూ సంపాదించాను. మా ఇంట్లో పిల్లలు నన్ను బేరం చేతకాని దానివని ఆటపట్టించినప్పుడల్లా ఈ సంగతి చెప్పబోతాను. సగం చెప్పి ఊరుకుంటాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మాది సాయిబుల ఇల్లు. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు. గాజులు వేసే విద్యలో ఒక కిటుకు ఉంది. గాజు ఎక్కేటప్పుడు బొటనవేలి కణుపు దగ్గర చెయ్యి నొప్పి పెడుతుంది. సరిగ్గా ఆ క్షణానికి ఎదుటి మనిషిని ఏదో మాటలో పెట్టాలి. మీ అబ్బాయికి పెళ్లి కుదిరిందటగా అనాలి. ఆమె జవాబు చెప్పేలోగా గాజు ఎక్కిపోవాలి. ఈ విద్య నాకు అక్షరాల కన్నా ముందు అబ్బింది. అందుకే నేను చాలా తెలివైనదాన్నని బజారంతా అనేది. బజారు అన్నది నేను నమ్మాను.

మా బజారు వెనకే సర్కారు బడి ఉండేది. మూడు గదులు. ఒక గది నిండా బియ్యం బస్తాలూ, ఏవో ఆఫీసు కాగితాల కట్టలూ. రెండో గది కప్పు వాన పడితే కురిసేది, పడకపోతే పెచ్చులు రాల్చేది. మిగిలిన ఒక్క గదిలో ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ కూర్చునేవి. టీచర్లు ఇద్దరని గోడ మీద రాసి ఉండేది. అందులో ఒకావిడని ఓటర్ల జాబితాల పని మీద ఆఫీసుకి పిలిపించుకుని మళ్లీ పంపలేదు. మిగిలింది హెడ్మాస్టరు గారు. ఆయన రోజూ తెనాలి నుంచి పాసింజరు బండిలో వచ్చేవారు. మా ఊరితో రైలు పట్టాలు అయిపోతాయి. బండి వచ్చి ఆగితే బడి మొదలయ్యేది, అదే బండి వెనక్కి బయలుదేరే వేళకి బడి ముగిసేది. మధ్యలో ఎక్కడైనా బండిని ఆపేస్తే ముప్పై మంది పిల్లల చదువు కూడా అక్కడే ఆగిపోయేది. మా బజారులో ఎవ్వరికీ ఇది తప్పుగా కనపడలేదు. ఎందుకంటే మా పిల్లలెవ్వరూ అందులో లేరు.

మేం మెయిన్ రోడ్డు మీద బియ్యం కొట్టు పైన మేడ మీద నడిచే ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లేవాళ్లం. టై, బూట్లు, నెలనెలా ఫీజు. హెడ్మాస్టరు గారి మేనల్లుడు కూడా నా తరగతిలోనే చదివేవాడు. ఆయన సొంత పిల్లలు తెనాలిలో మరో ఇంగ్లీషు బడిలో చదివేవాళ్లు. తన కొట్లో మిఠాయి తన పిల్లలకి పెట్టని వ్యాపారి దగ్గర మేం ఎవరం కొనం. బడి విషయంలో మాత్రం మాకు ఆ అనుమానమే రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఏటా జూన్‌లో హెడ్మాస్టరు గారు మా బజారులో కొట్టు కొట్టుకీ తిరిగేవారు. "సాయిబు గారూ, పిల్లని పంపమని అడగట్లేదండి. పేరు ఇవ్వండి చాలు" అనేవారు మా నాన్నతో. బడిలో పిల్లల సంఖ్య తగ్గితే దాన్ని ఎత్తేసి పట్టాల అవతలి బడిలో కలిపేస్తారని ఆయన భయం. పేరే కదా, ఇస్తే పోయేదేముందని మా నాన్న నా పేరు ఇచ్చారు. మిఠాయి కొట్టాయన ఇద్దరివి ఇచ్చాడు. మందుల షాపాయన ఒకటి ఇచ్చాడు. అలా హాజరుపట్టీలో అరవై మంది, గదిలో ముప్పై మంది. మా పేర్ల ఎదురుగా రోజూ టిక్కులు పడేవి. మా పేర్ల మీద వచ్చిన బియ్యం ఎటు పోయేదో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

మధ్యాహ్న భోజనం కొత్తగా పెట్టిన రోజులవి, రెండు వేల మూడో నాలుగో. ఆ బడిలో వంట చేసే ఆమెని అందరూ పిన్నీ అని పిలిచేవాళ్లు. బాపట్ల అవతల సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన కుటుంబం. భర్త వేటకి పడవ ఎక్కితే వారాల తరబడి అజాపజా ఉండేది కాదు. పొద్దున ఆమె బడి గోడ పక్కన కట్టిన టార్పాలిన్ పరదా కింద మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం, పప్పుచారు వండేది. సాయంత్రం మార్కెట్లో చేపల తట్ట ముందు కూర్చునేది. ఆమె కూతురిది నా వయసే, అక్కడే అయిదో తరగతి. మా కొట్టు ముందు నుంచి వెళ్తూ నన్ను చూసి "ఏంటే టై పిల్లా, మెడకి ఉరి ఎవరు బిగించారే" అనేది. నేను ముక్కు మూసుకుని చూపించేదాన్ని. మా పరిచయం అంతే.

ఒక రోజు హెడ్మాస్టరు గారు కొట్టుకి వచ్చి కూర్చున్నారు. మొహం వాడిపోయి ఉంది. మర్నాడు ఆఫీసరు వస్తున్నాడట, పిల్లల చేత చదివించి చూస్తాడట.

"ఒక్కరోజు పిల్లని మా బడికి పంపండి సాయిబు గారూ. తన పేరు పిలిచినప్పుడు పలికితే చాలు."

"దానిదేముందండి మేస్టారూ, తీసుకెళ్లండి" అన్నారు మా నాన్న. హెడ్మాస్టరు గారి ఇంట్లో ఆడవాళ్లు నలుగురు. పండక్కి గాజులన్నీ మా దగ్గరే కొనేవాళ్లు.

"నాకేంటి?" అన్నాను నేను.

మా నాన్న కళ్లెర్ర చేశారు గానీ మీసాల చాటున నవ్వు కనపడింది. హెడ్మాస్టరు గారు ఏం కావాలమ్మా అన్నారు. ఆ రోజు భోజనంలో గుడ్డు పెడతారని నాకు తెలుసు. నాలుగు గుడ్లు అన్నాను. మనిషికి ఒక్కటేనమ్మా లెక్క అన్నారాయన. అయితే మా బడిలోనే ఉంటానండి, రేపు డ్రిల్లు కూడా ఉంది అని లేచాను. మూడు దగ్గర ఆగాను. చివరికి రెండు గుడ్లూ, రోజంతా బడిగంట నేనే కొట్టడమూ ఖాయం చేసుకున్నాను. గంట అంటే వసారాకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాని మోత మా మేడ బడిలో కరెంటు గంటకి ఎక్కడిది. "సాయిబు గారూ, మీ కొట్టుకి దిగుల్లేదండి" అంటూ లేచారాయన.

మర్నాడు టై విప్పేసి వెళ్లాను. గదిలో సగం మంది మా బజారు పిల్లలే. చదవడం రాని పెద్ద పిల్లల్ని హెడ్మాస్టరు గారు వెనక పరదా కిందికి పంపేశారు, ఉల్లిపాయలు ఒలవమని. వంటామె కూతురు కూడా అక్కడే ఉంది. కిటికీలోంచి మాకు వాళ్లు కనపడేవాళ్లు, వాళ్లకి మేం వినపడేవాళ్లం.

ఆఫీసరు మంచివాడే. గొంతు పెంచలేదు, కుర్చీ తుడవమనలేదు. హాజరుపట్టీ తీసుకుని తనకి నచ్చిన పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. మిఠాయి కొట్టాయన కొడుకు చదివాడు. నేను నా పేరుకి పలికి, నాలుగు వరుసలు చదివి కూర్చున్నాను. నా బేరం అక్కడితో తీరిపోయింది. ఆయన పది పేర్లు దాటి, అయిదో తరగతి చివర్లో వంటామె కూతురి పేరు పిలిచాడు. అమ్మవారి పేరది. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. హెడ్మాస్టరు గారి చేతిలో సుద్దముక్క విరిగింది. ఇవాళ రాలేదని ఆయన అనలేరు, ఆ పేరు ఎదురుగా పొద్దున్నే టిక్కు పెట్టేశారు.

నన్ను లెమ్మని ఎవరూ చెప్పలేదు. ఇది నేను గట్టిగా రాయాలి. మా నాన్న చెప్పలేదు, హెడ్మాస్టరు గారు సైగ కూడా చెయ్యలేదు. ఎదుటివాడు ఇరుక్కున్నప్పుడు కదిలితే మూడో గుడ్డు కూడా రాబట్టుకోవచ్చని నా బుర్రకి తోచింది, అంతే. ఆఫీసరు తల వంచి పేర్లే చూస్తున్నాడు గానీ మొహాలు చూడట్లేదని అప్పటికే కనిపెట్టాను. వెనక బెంచీకి జరిగి అక్కడినుంచి లేచాను.

"నేనేనండి" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. "బొట్టేదమ్మా?"

"పొద్దున మొహం కడుక్కుంటే పోయిందండి."

"మీ వాళ్లు ఏం చేస్తారు?"

"నాన్న వేటకెళ్తారండి. అమ్మ చేపలమ్ముతుందండి."

ఆయన మొహం వెలిగిపోయింది. పాఠం తియ్యమన్నాడు. వాన మీద పాఠం. తడుముకోకుండా చదివాను. మా మేడ మీద నేర్చుకున్న రాగంతో, చుక్క దగ్గర ఆగి, ప్రశ్న దగ్గర గొంతు లేపి చదివాను. చేపలమ్మే వాళ్ల పిల్ల ఇంత శుభ్రంగా చదువుతోందంటే ఈ బడిని మెచ్చుకోవాలి మేస్టారూ అన్నాడు. నా తల నిమిరాడు. తర్వాత విజిటర్స్ పుస్తకం తెప్పించుకుని, రాస్తూ పైకి చదివాడు. పిల్లల పఠనం బాగుంది, అదనపు టీచరు అవసరం కనపడలేదు. ఆ మాటకి అర్థం నాకు అప్పుడు తెలియదు. నేను గంట వైపు చూస్తున్నాను.

ఆఫీసరు జీపు వెళ్లిపోగానే అన్నం గంట కొట్టాను. ఎంతసేపు కొట్టానంటే హెడ్మాస్టరు గారు చెవులు మూసుకున్నారు. మూడో గుడ్డు సంగతి ఎత్తుదామని పరదా దగ్గరికి వెళ్లాను. వంటామె నన్ను చూసి చాలా ప్రేమగా నవ్వింది.

"రామ్మా నా కూతురా. ఇందాకట్నుంచి నీ కోసమే చూస్తన్నా."

నేను కూడా నవ్వాను. అది వేళాకోళం అనుకున్నాను. ఆమె నా చేతిలో గరిట పెట్టింది. మనింట్లో వడ్డించాక తింటాం కదమ్మా అంది. ముప్పై మందికీ, మా బజారు వాళ్లకీ కలిపి పప్పుచారు పోశాను. ఆ తర్వాత పళ్లేలు. చేతిపంపు దగ్గర నుంచి రెండు బిందెలు నీళ్లు. అన్నం మాడిన గుండిగలోకి నడుము దాకా వంగి ఇసకతో తోమడం. ఏడాది పిల్లవాణ్ణి తెచ్చి నా చంకకెత్తింది. నీ తమ్ముడేనమ్మా, ఎత్తుకోవా అంది. నేను సాయిబు గారి అమ్మాయిని పిన్నీ అన్నాను. "పొద్దున కాదన్నావుగా" అందామె. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వుతున్నారు. హెడ్మాస్టరు గారు గదిలోంచి చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు.

ఇంతసేపూ ఆమె కూతురు గదిలో మొదటి బెంచీలో కూర్చుని ఉంది. వాళ్లమ్మే కూర్చోబెట్టింది. నేను చదివిన పుస్తకమే ముందు పెట్టుకుని, అదే వాన పాఠం పైకి చదువుతోంది. గట్టిగా, తప్పు లేకుండా. నాకు కోపం వచ్చింది. చదవడం వచ్చినప్పుడు పొద్దున నువ్వే వచ్చి చదవొచ్చుగా అని పిల్లవాణ్ణి చంకనేసుకునే వెళ్లి అడిగాను.

ఆమె ఆపకుండా చదువుతూనే ఉంది. నేను పుస్తకంలోకి చూశాను. ఆమె నోరు వాన పాఠం చెబుతోంది. ఆమె వేలు మాత్రం ఆవు బొమ్మ ఉన్న పేజీలో ఒక వరుస వెంట నెమ్మదిగా జరుగుతోంది. అయిదేళ్లుగా ఆ ఒక్క గదిలో కూర్చుని అయిదు తరగతుల పాఠాలూ చెవులతో పట్టేసింది. ఎక్కడ మొదలెట్టమన్నా అప్పజెప్పేస్తుంది. అక్షరం ఒక్కటీ రాదు. ఎవరూ ఆమె పక్కన కూర్చుని ఇది క అని వేలు పెట్టి చూపించలేదు. చూపించేంత తీరిక ఉన్న మనిషి ఆ బడిలో లేడు.

అన్నీ అయ్యాక వంటామె నా పళ్లెంలో అన్నం పెట్టి, రెండు గుడ్లూ తనే ఒలిచి వేసింది.

"తిను. బేరం బేరమే."

నేను తింటుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని చెప్పింది. "నాలుగు నెల్ల కిందట మేమందరం కాయితం మీద వేలిముద్రలేశాం పాపా. పిల్లలకి ముక్క రావట్లేదు, ఇంకో టీచర్నియ్యండని. నిజవేనా కాదా చూసి పోదామనే వచ్చాడాయన. చూశాడు. చేపలమ్మే దాని కూతురు బెమ్మాండంగా చదువుతోందని రాసుకుపోయాడు." కాసేపు పొయ్యిలో బూడిద కెలికింది. "ఇప్పుడు నా కూతురికి చదువు రాదని నేను ఎవరికి చెప్పుకోవాలి?"

నేను ఆ రెండు గుడ్లూ తినేశాను. తినలేక వదిలేశానని రాస్తే బాగుంటుంది గానీ ఆకలేసింది, తిన్నాను.

మర్నాడు పొద్దున, ఎవరూ పంపకుండానే, బండి దిగి వస్తున్న హెడ్మాస్టరు గారికి ఎదురెళ్లాను. నిన్న చదివింది నేనని ఆఫీసరుకి ఉత్తరం రాయండి అన్నాను. ఆయన నన్ను కసురుకోలేదు. స్టేషను బయట టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి చెప్పారు. "పిల్లలకి రాదంటే నాకు మెమో ఇస్తారమ్మా. టీచర్నిమ్మంటే పిల్లలు తక్కువంటారు. మీ పేర్లు దొంగవని తెలిస్తే బడే తీసేస్తారు. నేను ఏది నిజం చెప్పినా ముందు పోయేది ఈ బడేనమ్మా." ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ వయసులో నాకు ఆయన మీద జాలేసింది. ఇప్పుడు జాలి లేదు. ముప్పై మంది వేలిముద్రలేసి అడిగినదానికి అడ్డంగా నిలబడటానికి ఆయనకి ధైర్యం వచ్చింది గానీ, వాళ్ల పక్కన నిలబడటానికి రాలేదు.

ఆయన ఒక్కరి మీదే కేకలేస్తే మళ్లీ నేను చవగ్గా బయటపడినట్టే. ఓటర్ల జాబితా రాయడానికి టీచర్ని ఎత్తుకుపోయిన ఆఫీసుకి, ఆవిడ వెనక ఒక గది నిండా పిల్లలున్నారని తోచలేదు. అంత దూరం నుంచి జీపు వేసుకొచ్చిన ఆఫీసరు పది అడుగులు నడిచి పరదా వెనక్కి చూడలేదు. ఆ పిల్ల ఉల్లిపాయలు ఒలుస్తూ తన పేరు రెండుసార్లు వింది. మా బజారు మాత్రం ఆ బడికి పేర్లిచ్చి, పిల్లల్ని మేడ మీదికి పంపి, సాయంత్రం కొట్టు అరుగుల మీద కూర్చుని సర్కారు బడుల్లో చదువేముందండి అని నవ్వుకునేది. చదువు లేకుండా చేసినవాళ్లలో మేమూ ఉన్నామని ఒక్కరికీ తట్టలేదు. రెండేళ్ల తర్వాత ఆ బడిని ఎలాగూ ఎత్తేశారు, పట్టాల అవతలి దాంట్లో కలిపారు. మా దొంగపేర్లు దాన్ని కాపాడలేదు.

ఆ పిల్లకి నేను చదువు చెప్పడం మొదలుపెట్టిన మాట నిజం. సాయంత్రం మార్కెట్లో చేపల తట్ట పక్కన, గోనెపట్టా మీద. మొదటి రోజు ఆమె నన్ను నమ్మలేదు. "ఇందులో నీకేంటి?" అని అడిగింది. నా ప్రశ్న నాకే తిరిగొచ్చింది. ఏం లేదన్నాను. ఏం లేకుండా మీ బజారోళ్లు పలకరు కూడా పలకరు అంది. అయినా పలక అందుకుంది. ఎంత తొందరగా పట్టేసేదంటే, పాఠాలన్నీ అప్పటికే తలలో ఉన్నాయి కాబట్టి, ఒక్కో అక్షరం తెలియగానే అది ఏ పాఠంలో ఎక్కడుందో వెతికి చూపించేది. ఇన్నాళ్లూ ఇక్కడే ఉందా ఇది అనేది. ఆ పిల్లకి ఒక్క ఏడాది, ఒక్క మనిషి దొరికి ఉంటే చాలు. ఆ మాట తలుచుకున్నప్పుడే నాకు అందరి కన్నా నా మీద ఎక్కువ కోపం వస్తుంది.

తర్వాత నాకు క్వార్టర్లీ పరీక్షలు వచ్చాయి. చదువుకోవాలని చెప్పి మానేశాను. ఎవరూ వద్దనలేదు, మా అమ్మ కూడా ఏమీ అనలేదు. పరీక్షలయ్యాక మార్కెట్‌కి వెళ్తే ఆ చోట వేరే ఆమె కూర్చుని ఉంది. వాళ్లు మళ్లీ సముద్రపు ఒడ్డుకే, రామాపురం వైపు వెళ్లిపోయారు, అక్కడ ఏదో పడవ మీద పని దొరికిందట. మళ్లీ చూడలేదు.

పెళ్లయ్యాక నేను తెనాలి వచ్చాను. ఇక్కడా గాజుల కొట్టే. పెద్ద పిల్లని అందరిలాగే ఇంగ్లీషు బడిలో వేశాను, అదీ దాచను. చిన్నదాన్ని సర్కారు బడిలో వేశాను. వేసినందుకు చుట్టాలు మా కొట్టు మునిగిందా అని అడిగారు. ఆ బడి తల్లిదండ్రుల సమావేశాలకి ఒక్కటీ మానను. ఎంతమంది వస్తున్నారో అంతే రాయండి, రానిది రాలేదనే రాయండి అని ప్రతిసారీ గొడవ పడతాను. ఈ గాజులామె నోరు మంచిది కాదని పేరొచ్చింది. ఆఫీసర్లు వచ్చిన రోజు కొట్టు మూసి వెళ్లి, వెనక బెంచీ పిల్లల్ని చదివించమని అడుగుతాను. నన్ను చూస్తే వాళ్లకి చిరాకు. నాకూ వాళ్లని చూస్తే అంతే.

ఇదంతా చెప్పుకుని నేను మంచిదాన్నైపోయానని అనిపించుకోను. ఇది వేరే పిల్లల కోసం చేస్తున్నది, ఆ పిల్లకి ఇందులో ఒక్క అక్షరం చేరదు. నిజాయితీగా తేల్చితే లెక్క చిన్నదే. ఆమెకి రావలసింది ఒక టీచరు. వస్తే ఆమె అయిదో తరగతి అయ్యేదాకా అయినా పక్కన ఉండేవాడు. ఆ మనిషిని నేను ఒక పాఠం చదివి వెనక్కి పంపేశాను. దానికి బదులు నేను ఇచ్చింది, ఎన్నిసార్లు వేళ్ల మీద లెక్కపెట్టినా, పదకొండు సాయంత్రాలు. క గుణింతం మొత్తం కూడా కాలేదు. కొ దగ్గర ఆపేశాను.